మావాడిదే తొందరండి

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా కొట్టు ముందున్న కొబ్బరికాయల రాశి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఒక్క ముక్క అబద్ధమైనా ఆ రాశిలో కాయలన్నీ లోపల్నించి కుళ్ళిపోవాలి, లారీ వచ్చిన రోజునే ధర పడిపోవాలి. కొబ్బరి వ్యాపారికి ఇంతకంటే పెద్ద ఒట్టు లేదు.

ఇది చదివి మా ఊరివాళ్ళు నవ్వుతారని తెలుసు. రాజోలుకీ తాటిపాకకీ మధ్య కాలవ గట్టున కొట్టు పెట్టుకున్న మనిషిని. కాయలు ఒలిపించి పైకి పంపడం నా వృత్తి, కబుర్లు చెప్పడం నా వ్యసనం. నా చేతిలోంచి కాలవలో జారిన బొండాం ప్రవాహానికి ఎదురీది నాకంటే ముందు అమలాపురం చేరిందనీ, నేను బస్సు దిగేసరికి ఎవరో పెద్దమనిషి దాన్ని కొట్టించుకుని తాగుతున్నాడనీ, "ఇది నాదండి" అంటే "అలాగాండి, సగమే తాగేను, మిగతాది మీరు పుచ్చుకోండి" అన్నాడనీ నేను చెప్పిన కథ ఇప్పటికీ మా టీ కొట్టులో తిరుగుతోంది. ఆ పెద్దమనిషి పుట్టనే లేదు. బొండాం మాత్రం నిజంగానే జారింది.

ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు. దీన్ని చెప్పడం మొదలుపెడితే నాకు నవ్వు రాదు. కోపం వస్తుంది. ఎవరి మీద అని అడిగితే వేలెత్తి ఒక్కణ్ణి చూపించలేను. అందుకే రాస్తున్నాను.

మా పక్కింటి పిన్నిగారికి ఒక్కడే కొడుకు. పిన్ని అనడం వరసకే, చుట్టరికం లేదు. మా రెండిళ్ళకీ మధ్య గోడ కూడా లేదు, ఒక మందార చెట్టు ఉంది, అంతే. వాడు దింపు తీసేవాడు. చెట్టెక్కి గెలలు కోసి కాయలు దింపడాన్ని మా వైపు దింపు తీయడం అంటాం. వానకి నానిపోయి చెట్లు పాచి పట్టి ఉన్న రోజుల్లో కూడా వాడు కాలు జారగా చూసినవాళ్ళు లేరు. పైన కూచుని గోదారి లంకంతా చూసేవాడు. రోడ్డు మీద ఎవరొస్తున్నారో కింద ఉన్న మాకు చెప్పేవాడు. "అన్నయ్యా, వదినగారు బజారు నించి వచ్చేస్తన్నారు, పేకలు దాచెయ్యి" అని చెట్టు మీంచి వాడు అరిచిన అరుపులు నన్ను చాలాసార్లు కాపాడాయి. అంతెత్తు చెట్ల మీద ఏమీ కానివాడు బల్లపరుపుగా ఉన్న తారు రోడ్డు మీద పోయాడు.

పొద్దున్నే మోపెడ్ మీద, భుజానికి తాడు, వెనకాల కత్తి కట్టుకుని దింపుకి బయల్దేరాడు. తన ఎడమ పక్కన తాను వెళుతున్నాడు. ఎదురుగా వస్తున్న రొయ్యల వ్యాను, ముందున్న ఆటోని దాటేద్దామని రోడ్డుకి ఈ పక్కకి వచ్చేసి వాణ్ణి కొట్టింది. ఆటో నడిపేవాడు చూశాడు, చూసింది చూసినట్టు పోలీసులకి చెప్పాడు. వాళ్ళు కూడా వ్యాను డ్రైవరు మీదే కేసు రాశారు. ఇందులో ఆ రోజు ఎవరికీ ఏ అనుమానమూ లేదు. చెరువు గట్టున రొయ్యని ఐసులో వేశాక అది కరిగేలోపు ఫ్యాక్టరీకి చేరాలి. ఐసు కరిగితే రొయ్య పాడవుతుంది, రొయ్య పాడైతే ఎవరికో నష్టం. ఎదురొచ్చేవాడు పోతే నష్టం ఎవరికో ఆ వ్యానుకి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మా ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. బయటివాళ్ళకి ఇది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

రాజోలు బస్సులో ఎవరైనా మీ కాలు తొక్కారనుకోండి. కోనసీమ మనిషైతే ఏమంటాడు? "పర్లేదండి, నా కాలే అడ్డంగా పెట్టేను" అంటాడు. తొక్కినాయన "లేదండి, నేనే చూసుకోలేదు" అంటాడు. "అబ్బే, మీరేం చేస్తారండి, బస్సు ఊగింది" అని ఇతను మళ్ళీ అంటాడు. ఆ తప్పుని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటూ తాటిపాక దాకా వెళ్ళిపోతారు. దిగేటప్పటికి కాలు వాచి ఉంటుంది. అయినా ఆ కాలుగల మనిషి తప్పు తనదే అని నమ్ముతున్నాడనుకుంటే మీకు మా సంగతి తెలియదన్నమాట. మొహం చిన్నబుచ్చుకుని మన ముందు నిలబడ్డవాణ్ణి అలా నిలబెట్టి ఉంచడం మాకు చేతకాదు. వాడి మీద బరువు మనం కాస్త పట్టుకుంటాం. అది మాట్లాడే తీరు. నమస్కారం పెట్టడం లాంటిది.

పిన్ని కొడుకు దినాలు ఇంకా కాకముందే వ్యాను ఓనరు గారు వచ్చారు. గోదారి పాయకి అవతలి ఊరు వాళ్ళది. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు, నెరిసిన మీసం. చెప్పులు వీధిలోనే విడిచి వచ్చారు. వెంట ఒక మనిషి, ఇంటి పనులు చూసేవాడు కాబోలు, గుమ్మం పక్కన నిలబడ్డాడు. చొక్కా జేబులో ఫోను ఉంది. ఫోను ఎవరి జేబులో లేదు గనక. దాని కన్ను జేబు అంచు మీంచి తొంగి చూస్తోందని ఆ రోజు మాకెవరికీ తట్టలేదు.

పిన్ని చాప మీద గోడకి ఆనుకుని ఉంది. కోడలు లోపలి గదిలో, తలుపు ఓరగా ఉంది. నేను పిన్ని పక్కనే కూచున్నాను.

"అమ్మా, మీకు నా మొహం ఎలా చూపించాలో తెలీక ఇప్పటిదాకా రాలేదండి" అన్నారాయన.

"కూర్చోండి బాబూ. ఎండన పడి వచ్చేరు" అంది పిన్ని. ఎవరో కుర్చీ వేశారు.

ఆయన కూచుని తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు. "మా డ్రైవరు కుర్రాడు కూడా అన్నం ముట్టడం లేదండి. ఒకటే ఏడుపు."

"అయ్యో, ఆ పిల్లాడేం చేస్తాడండి. మావాడిదే తొందరండి. లేచిన కాడ్నించీ పరుగే. మా రాత అలా ఉంది. మీరేం మనసులో పెట్టుకోకండి" అంది.

"మరేనండి" అన్నాను నేను. అక్కడున్న నలుగురూ అదే అన్నారు. చావింట్లో అన్ని నోళ్ళూ అనే మాట అది.

కాసేపు కూచున్నారు. తర్వాత ఏమీ చెప్పకుండా లేచి, తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోయారు. మా వైపు అది పద్ధతి. శవం లేచిన ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాను" అని చెప్పకూడదు. ఆయన వెళ్ళాక "పెద్దమనిషి, పద్ధతి తెలిసినాయన" అనుకున్నాం. ఆ మాట మీరు కాస్త గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాత అత్తాకోడళ్ళిద్దరూ కలిసి అమలాపురం కోర్టులో పరిహారం కేసు వేశారు. వెయ్యమన్నది నేనే. వాడి కూతురికి ఇంకా పలక పట్టే వయసు రాలేదు, ఇల్లు గడవాలి. కేసంటే ఏముంది, చంపినవాడు ఇచ్చుకోవాలి, వీళ్ళు పుచ్చుకోవాలి అనుకున్నాను. చచ్చినవాణ్ణి మళ్ళీ ఒకసారి చంపించుకోవడానికి వెళుతున్నామని అప్పటికి నాకు తెలియదు.

మా ప్లీడరు గారు మంచివాడే. మొదటి రోజునే అడిగారు, "సంపాదనకి రుజువేమైనా ఉందాండి? జీతం స్లిప్పు లాంటిది?"

"దింపు తీసేవాడికి స్లిప్పెవరిస్తారండి? కొబ్బరి చెట్టు రసీదు రాయదు కదా" అన్నాను.

ఆయన నవ్వలేదు. "అవతల ఇన్సూరెన్సు కంపెనీ ఉందండి. వాళ్ళు ప్రతిదీ అడుగుతారు."

అడిగారు. కంపెనీ ప్లీడరు, సిటీ నుంచి వచ్చే మనిషి, కోడల్ని బోనులో నిలబెట్టి మీ ఆయన తాగేవాడా అని అడిగాడు. చెట్లెక్కేవాళ్ళు ఎక్కువకాలం ఆ పని చెయ్యలేరు కదా అని అడిగాడు, వాడు పోవడం వల్ల మహా పోతే నాలుగేళ్ళ సంపాదన పోయిందన్నట్టు. "మీది చిన్న వయసే కదమ్మా, మళ్ళీ పెళ్ళి చేసుకునే ఉద్దేశం ఉందా?" అని కూడా అడిగాడు. అది అడగడానికి వాడికి హక్కుందట. మొగుడి ఫోటోకి వేసిన దండ ఇంకా తియ్యనైనా లేదు. ఆ పిల్ల జవాబు చెప్పలేక బోను కర్రకేసి చూస్తూ నిలబడితే "సాక్షి మౌనంగా ఉన్నారు" అని రాయించాడు.

ఇంకో లెక్క ఉంది. అది విన్న రోజు నేను ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. వాడు బతికుంటే సంపాదించేది ఎంతో చూసి, అందులోంచి వాడు తన కోసం ఖర్చుపెట్టుకునేది తీసేస్తారట. అంటే వాడు తినే అన్నం, తాగే టీ, కట్టుకునే లుంగీ. చచ్చిపోయాడు కాబట్టి ఆ మేరకు ఇంటికి మిగిలింది అన్నమాట. ప్లీడరు గారు ఇది చాలా మామూలుగా చెప్పారు. వాళ్ళకి మామూలే.

ఒక రోజు ఆయన మా ముగ్గుర్నీ ఆఫీసుకి రమ్మన్నారు. బల్ల మీదున్న కంప్యూటర్ని మా వైపు తిప్పారు. "కంపెనీ వాళ్ళు దీన్ని కోర్టులో పెట్టేరండి" అన్నారు.

పిన్ని ఇల్లు. చాప. గోడ. నా మోకాలు కూడా ఒక మూల కనిపిస్తోంది. పిన్ని గొంతు స్పష్టంగా వినిపించింది. "మావాడిదే తొందరండి."

కోడలు ఆ మాటని ఆ రోజు తలుపు వెనకనించి వినే ఉంటుంది. అప్పుడు అది ఏడుపులో కలిసిపోయిన మాట. ఇప్పుడు ప్లీడరు గారి ఆఫీసులో, ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేనిచోట, బల్ల మీంచి వచ్చిన మాట. ఆ పిల్ల అత్తగారి వైపు ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంది.

"దీనివల్ల ఏమవుతుందండి?" అని అడిగాను.

"తప్పు ఇద్దరిదీ అని రాసేస్తారండి. సగం వ్యానుది, సగం మీవాడిది."

"అంటే?"

"అంటే ఆ చావులో మీవాడి చెయ్యి కూడా ఉందని. కన్నతల్లే ఒప్పుకుంది కదా అంటారు."

"మావాడు తన పక్కన తను వెళ్ళేడండి" అంది పిన్ని, ప్లీడరు గారితో కాదు, ఆ కంప్యూటరుతో.

ఆ రోజు నుంచి కోడలు ఆవిడతో మాట్లాడటం మానేసింది. ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే. ముందు ఈవిడ వండుకుని దించాక ఆ పిల్ల తన గిన్నె పెట్టేది. చంటిది ఇటు రెండు ముద్దలు, అటు రెండు ముద్దలు తిని తిరిగేది. పిన్ని మందార చెట్టు దగ్గరకొచ్చి నన్ను పిలిచి అడిగేది, "బాబూ, అది అన్నం తిందో లేదో మీ ఆవిణ్ణి కాస్త కనుక్కోమను." ఒకే కప్పు కింద ఉన్న మనిషి అన్నం తిందో లేదో పక్కింటివాళ్ళు కనుక్కుని చెప్పాలి. ఇన్సూరెన్సు కంపెనీకి పరిహారం తగ్గించుకోవడానికి ఒక సాక్ష్యం కావాలి. దాని కోసం ఆ ఇంట్లో మిగిలిన ఇద్దరు ఆడవాళ్ళని విడదీసింది. ఈ నష్టాన్ని ఏ లెక్కలోనూ కలపరు.

నేను కోడలికి నచ్చజెప్పబోయాను. "ఆవిడ ఏదో మర్యాదకి అంది. నీకు తెలీదా?"

"నాకు తెలుసు బావగారూ. కోర్టుకి తెలీదు కదా. నా మొగుడిదే తప్పని వాణ్ణి కన్నావిడే చెప్పేసేక ఇంక నేనేం చెప్పినా ఎవరింటారు? రేపు దీనికి ఊహ తెలిసేక మీ నాన్న తన తప్పు వల్లే పోయేడని ఎవరో ఒకరు చెప్తారు. కాగితం కూడా చూపిస్తారు."

నా దగ్గర అబద్ధాలైతే బోలెడున్నాయి. పిన్ని సాక్ష్యం రోజు దగ్గర పడుతుంటే మంచిదొకటి తయారుచేసి పట్టుకెళ్ళాను. పిన్నికి ఆలమూరులో చెల్లెలుంది, దినాలకి వచ్చి, ఓనరు గారొచ్చిన రోజున ఇక్కడే ఉంది.

"పిన్నీ, ఆ ఫోనులో మొహం సరిగ్గా కనపడదు. ఆ గొంతు నీది కాదని చెప్పు. ఆలమూరు పిన్నిది అందాం. ఆవిడకి చెవుడు, ఎవరేం అడిగేరో వినపడక ఏదో అనేసింది అందాం. నేను వచ్చి సాక్ష్యం చెప్తాను, పక్కనే ఉన్నాను కదా."

"దానికి చెవుడెప్పుడొచ్చింది?"

"కోర్టు కోసం వస్తుంది. తీర్పయ్యేక పోతుంది."

"అన్నది నేనైతే దాన్నెందుకు ఇరికిస్తావురా?"

"పోనీ అనలేదని ఒక్క మాట చెప్పు."

"అన్నాను కదా బాబూ. ఇంటికొచ్చి కళ్ళు తుడుచుకుంటుంటే ఏమంటాం? నీ వ్యాను నా కొడుకుని చంపిందని మొహం మీద అనాలా?"

"అనాలి పిన్నీ."

"పక్కనే కూచున్నావు, నువ్వనలేదేం మరి? మరేనండి, మరేనండి అని తలూపేవు."

నా నోరు మూయించిన వాళ్ళు మా ఊళ్ళో తక్కువ.

సాక్ష్యం రోజు ముగ్గురం బస్సులో అమలాపురం వెళ్ళాం. అత్తగారు ముందు సీట్లో, కోడలు వెనక సీట్లో. కోర్టు హాలు గుమ్మం దగ్గర పిన్ని చెప్పులు విడిచింది. "ఇక్కడ విడవక్కర్లేదండి" అని బంట్రోతు చెప్పినా తొడుక్కోలేదు. బోనెక్కి జడ్జి గారికి, మా ప్లీడరు గారికి, బల్ల ముందు రాసుకునే గుమాస్తాకి వరసగా నమస్కారం పెట్టింది. కంపెనీ ప్లీడరుకి కూడా పెట్టింది. వ్యాను ఓనరు గారు వెనక బెంచీ మీద ఉన్నారు. ఆయనకి కూడా తల ఊపి పలకరించింది.

కంపెనీ ప్లీడరు ఆ రోజు చాలా మర్యాదగా ఉన్నాడు. వీడియో పెట్టి చూపించాడు.

"ఇందులో ఉన్నది మీరేనామ్మా?"

"ఆయ్, నేనేనండి."

"ఆ మాటలు మీరన్నవేనా? ఎవరైనా బలవంతం చేశారా?"

"ఆయ్, నేనే అన్నానండి. బలవంతమేం లేదండి."

"అయితే మీ అబ్బాయి తొందరపాటు వల్లే ఇది జరిగిందని ఒప్పుకుంటున్నట్టేగా?"

పిన్ని పమిట భుజం మీదకి లాక్కుని జడ్జి గారి వైపు తిరిగింది.

"ఆయన మా ఇంటికొచ్చేరండి. కుర్చీలో కూచుని ఏడ్చేరు. ఇంటికొచ్చి ఏడ్చేవాళ్ళని ఓదార్చాలని మాకు చిన్నప్పట్నించీ నేర్పేరు. కొడుకు పోయింది నాకు. ఓదార్చింది ఆయన్ని. ఓదార్చేటప్పుడు మన తప్పే అంటాం, మీరేం చేస్తారంటాం. ఆ మాటలు సాక్ష్యానికి పనికొస్తాయని తెలిస్తే నేను నోరు తెరిచేదాన్నే కాదండి. ఏడుస్తూ కూచునేదాన్ని. ఏం జరిగిందని ఆ రోజు నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు మీరు అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. నా కొడుకు తన పక్కన తను వెళ్తున్నాడు. వ్యానే వాడి మీదకొచ్చింది. వీళ్ళు రేపు మా ఇంటికొచ్చినా కూర్చోమనే అంటానండి. ఇది మా ఇల్లు కాదు కదా, ఇక్కడెందుకంటాను?"

హాల్లో ఎవరూ దగ్గలేదు. జడ్జి గారి కలం ఆగింది. కంపెనీ ప్లీడరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వ్యాను ఓనరు గారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

బయట వరండాలో పిన్నికి చెప్పులు అందిస్తుంటే ఆయన మా దగ్గరకి వచ్చారు. నా మటుకు నాకు అప్పుడే చెప్పు చేతికి తీసుకోవాలనిపించింది. చేతిలో ఉన్నది పిన్ని చెప్పు, అందుకని ఊరుకున్నాను.

"బాగున్నారా అండి" అన్నారాయన పిన్నితో.

"ఆయ్, బాగున్నామండి. మీ ఇంట్లో అంతా కులాసానా?"

అలవాటు. గుండెలో ఏమున్నా నోట్లోంచి అదే వస్తుంది. "ఏదో కాగితాల గొడవండి, కంపెనీ వాళ్ళు అడిగితే ఇవ్వాల్సొచ్చింది, మీరేం అనుకోకండి" అని ఆయన మొదలుపెట్టారు. పిన్ని "అబ్బే" అనబోయింది.

వెనక నిలబడ్డ కోడలు ముందుకొచ్చింది. "ఫోను జేబులో ఉందాండి?" అంది.

"ఏంటమ్మా?"

"ఉంటే ఆన్ చేసుకోండి. మా అత్తయ్య ఇప్పుడు మీరేం చేస్తారండి అనబోతున్నారు. అది కూడా పనికొస్తుంది మీకు. నేను చెప్పేది కూడా ఎక్కించుకోండి. మీ వ్యాను నా మొగుణ్ణి చంపేసింది. మీరు ఏడ్చిన ఏడుపుని కంపెనీకి ఇచ్చుకున్నారు. మళ్ళీ బాగున్నారా అని అడుగుతున్నారు. బాగోలేమండి. అసలు బాగోలేం."

"తప్పమ్మా, పెద్దాయన" అంది పిన్ని, చెయ్యి పట్టుకుని.

"మీరూరుకోండత్తయ్యా."

ఆ వీడియో చూశాక అత్తగారితో ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట అదే. పిన్ని ఊరుకుంది. ఓనరు గారు ఏమీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. తిరుగు బస్సులో అత్తాకోడళ్ళు ఒకే సీట్లో కూచున్నారు. ఆ పిల్ల అత్తగారి సంచీ తన ఒళ్ళో పెట్టుకుంది.

తీర్పు వచ్చింది. మృతుడి తల్లే స్వయంగా ఒప్పుకున్న మాటల్ని బట్టి, ప్రమాదంలో మృతుడి నిర్లక్ష్యం కూడా కొంత ఉన్నట్టు భావించడమైనదని రాశారు. భావించడమైనదట. ఎవరు భావించారు? ఆ రోడ్డు మీద ఎవరు నిలబడి చూశారు? చూసిన ఆటోవాడి మాటని ఒక వాక్యంలో దాటేశారు. చూడనే చూడని తల్లి మాట మీద వాడి చావుని పంచేశారు. హైకోర్టుకి వెళదామని ప్లీడరు గారు అన్నారు. వెళ్ళాం. కాగితాలు ఇంకా అక్కడే ఉన్నాయి.

సిటీ ప్లీడరుకి మా మాటతీరు తెలియదంటే ఒప్పుకుంటాను. జడ్జి గారిది వేరే జిల్లా అంటే అదీ ఒప్పుకుంటాను. కానీ ఆ ఓనరు గారు? చావింట్లోంచి చెప్పకుండా లేచి వెళ్ళాలని తెలిసిన మనిషి. చెప్పులు వీధిలో విడవాలని తెలిసిన మనిషి. ఆ గుమ్మంలో "మావాడిదే తొందరండి" అంటే దాని అర్థమేమిటో ఆయనకి తెలియదా? ఆయన తల్లి ఆ చాప మీద ఉంటే ఆవిడా అదే అనేది. తెలిసే వచ్చాడు. మా మర్యాద ఎక్కడ మెత్తగా ఉంటుందో బయటివాడికి తెలియదు. తెలిసినవాడే సరిగ్గా అక్కడ ఫోను పెట్టాడు. నాకు ఆయన మీదున్న కోపం ఇన్సూరెన్సు కంపెనీ మీద కూడా లేదు.

ఈపాటికి మీకొక అనుమానం రావాలి. బోనులో నిలబడి ఆవిడ అంత చక్కగా, అంత విడమరిచి చెప్పాక కూడా ఆ మాటని ఒప్పుకోలు కింద ఎలా రాశారు? ఏ జడ్జి గారైనా అలా రాస్తారా?

రాయరు. అందుకని ఒప్పుకుంటున్నాను. బోనులో ఆవిడ చెప్పినట్టు రాసిన ఆ మాటలు నావి. కుర్చీ, ఏడుపు, ఓదార్పు గురించి చెప్పడం, ఇది మా ఇల్లు కాదు కదా అనడం, కలం ఆగడం, కళ్ళజోడు తుడుచుకోవడం, ఓనరు గారు తువ్వాలు అడ్డం పెట్టుకోవడం, అన్నీ నేను కల్పించినవే. మిగతాదంతా జరిగింది. కోడలు వరండాలో అన్న మాటల్లో నేను ఒక్కటీ కలపలేదు, ఆ పిల్లకి నా సాయం అక్కర్లేదు.

బోనులో నిజంగా జరిగింది చాలా చిన్నది. "ఒప్పుకుంటున్నట్టేగా?" అని కంపెనీ ప్లీడరు అడిగాడు. పిన్ని "అన్నానండి, ఆయ్" అంది. ఇంకేదో చెప్పబోయి జడ్జి గారి వైపు చూసింది. ఆయన రాసుకుంటున్నారు. రాసుకునే మనిషిని మధ్యలో ఆపడం బాగుండదని ఆగింది. "ఇంకేం లేదండి" అని కంపెనీ ప్లీడరు కూచున్నాడు. మా ప్లీడరు గారు లేచి ఒక ప్రశ్న వేశారు కానీ అది వ్యాను వచ్చిన వైపు గురించి, ఆ మాట గురించి కాదు. ఎందుకన్నావమ్మా అని ఆ హాల్లో ఒక్కరు కూడా అడగలేదు. అన్నావా లేదా అనే అడిగారు. పిన్ని అందరికీ మళ్ళీ నమస్కారం పెట్టి, మెట్టు కోసం కాలితో వెతుక్కుంటూ దిగింది.

ఇదంతా రాశాక మొన్న మందార చెట్టు దగ్గర కూచోబెట్టి ఆవిడకి చదివి వినిపించాను. కోడలు గుమ్మంలో కూచుని కొబ్బరి ఈనెలు చీరుతూ వింది. బోను దగ్గరకి వచ్చేసరికి పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

"బాగానే రాసేవు బాబూ. కానీ అన్నేసి మాటలు ఆయన ముందు మాట్లాడితే జడ్జి గారేమనుకుంటారు? ఆ ముక్క తీసెయ్యి."

కోడలు ఈనె మీంచి తలెత్తకుండానే అంది, "తియ్యకండి బావగారూ."

తియ్యలేదు.